ఆటోలో అంతా కలిసిపోతుంటే ఇంట్లో వేరు చేయడం ఎందుకు?

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. రెండేళ్లుగా ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తున్నాను. పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగి ఆరబెడతాను. చిప్స్ కవర్లు కూడా కడిగి మూడు సంచుల నిండా దాచాను. మొన్న బాల్కనీలోంచి చూస్తే, చెత్త ఆటో అతను నా రెండు డబ్బాలూ ఒకేచోట గుమ్మరించేశాడు. ఏడుపొక్కటే తక్కువ. మావారు "నలుగురితో పాటు మనమూ, నీకెందుకీ శ్రమ" అంటారు. అత్తయ్యగారు కడిగే నీళ్లన్నీ దండగంటారు. నాలుగో తరగతి చదివే మా పాప "మరి మనం ఎందుకు వేరు చేస్తున్నాం అమ్మా?" అని అడిగితే నోట మాట రాలేదు. ఇది నిజంగా పనికొచ్చే పనేనా? కాదంటే మానేస్తాను.
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మానేయకండి. కాకపోతే మీ శ్రమలో సగం అక్కర్లేని చోట పడుతున్నారు. ఆ సగం తగ్గించుకోండి. మిగతా సగానికి విలువ ఉంది, అది మీరు అనుకుంటున్న దానికంటే ఎక్కువ.

ముందు ఆ ఆటో సంగతి. మీరు చూసింది అబద్ధం కాదు. నేనూ ఒకరోజు పైనుంచి అలాగే చూసి, కడుపు మండి, మర్నాడు అడిగేద్దామని కిందకి దిగి నిలబడ్డాను. ఏడింటికి ఆటో వచ్చింది. భార్యాభర్తలిద్దరు. ఆయన డబ్బాలు అందిస్తున్నాడు, ఆవిడ ట్రాలీలో చెత్త మధ్య నిలబడి ఉంది. డబ్బా గుమ్మరించగానే ఆవిడ వంగి అట్టముక్కలు ఒక పక్కకి, నీళ్ల సీసాలు ఒక పక్కకి, పాల ప్యాకెట్లు గుప్పెట్లో పట్టి ఇంకో పక్కకి లాగేస్తోంది. ఆటో చుట్టూ తాళ్లతో కట్టిన తెల్ల గోనె సంచులు వేలాడుతుంటాయి, మీరూ చూసే ఉంటారు. అవి అందుకే. ఏరినవన్నీ ఆ సంచుల్లోకి, అక్కడి నుంచి పాత సామాన్ల కొట్టుకి వెళ్తాయి. వాళ్ల రోజువారీ సంపాదనలో అదొక భాగం.

నా ముందే ఒక కట్టేసిన సంచి విప్పింది. పైన కొత్తిమీర కాడలు, కింద సాంబారు అన్నం, ఆ అన్నంలో నాలుగు మంచి సీసాలు, అడుగున పగిలిన గాజు గ్లాసు. ఆవిడ బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. అడిగితే "రోజూ ఉండేదేనమ్మా" అంది. నేను అడగాలనుకున్న ప్రశ్న ఇక అడగలేదు. అప్పటిదాకా నా డబ్బా డంపింగ్ యార్డులో ఏమవుతుందో అని ఆలోచించానే గానీ, మధ్యలో ఒక మనిషి చేతుల్లోంచి పోతుందన్న సంగతి నాకు తట్టలేదు.

అంటే మీ పొడి చెత్త ఆటోలో పడ్డాక కూడా దాని కథ అయిపోదు. శుభ్రంగా ఉన్న అట్ట ఆవిడ చేతికి దొరికితే గోనెలోకి వెళ్తుంది. పప్పుచారులో నానితే ఎవరూ ముట్టుకోరు. ఆ తేడా మీ వంటింట్లోనే తేలిపోతోంది.

ఇంకో సంగతి. పొడి చెత్తను ఆటోకే ఇవ్వాలని లేదు. "పాత పేపర్లు, పాత ఇనప సామాన్లు, ఖాళీ సీసాలు కొంటాం" అని మైకు పెట్టుకుని తిరిగే బండి మీ వీధికీ వస్తుంది. లేదా సందు చివర కాంటా పెట్టుకున్న కొట్టు ఉంటుంది. నెలకోసారి అక్కడ వేసేయండి. ఆ కొట్టు నుంచి సరుకు భోలక్‌పూర్ లాంటి చోట్ల గోదాములకు చేరుతుంది. అక్కడ రకం వారీగా విడదీస్తారు. ప్లాస్టిక్ అయితే కాటేదాన్ వైపు యూనిట్లలో ముక్కలు చేసి, కడిగి, కరిగించి, గింజల్లా తీస్తారు. వాళ్లు దాన్ని దానా అంటారు. బకెట్లు, పైపులు, కుర్చీలు ఆ దానాతో తయారవుతాయి. ఈ దారిలో ప్రతి మనిషీ ఆ వస్తువుకి డబ్బిచ్చి కొన్నవాడే. డబ్బిచ్చి కొన్నదాన్ని ఎవరూ పారేయరు. మన దగ్గర రీసైక్లింగ్ ఎక్కువగా నడిచేది ఈ చేతుల మీదే.

ఇప్పుడు అసలైన విషయం, తడి చెత్త. మీ ఉత్తరంలో పాల ప్యాకెట్ల గురించి నాలుగు మాటలున్నాయి, కూరగాయల తొక్కల గురించి ఒక్క మాట లేదు. చాలామంది ఇంతే. రీసైక్లింగ్ అనగానే ప్లాస్టిక్ గుర్తొస్తుంది. లెక్క చూడండి. మన నగరాల్లో తలకు రోజుకు సుమారు అరకిలో చెత్త వస్తుంది. నలుగురున్న ఇంట్లో రెండు కిలోలు. అందులో సగం తడిదే. అంటే మీ ఒక్క ఇంటి నుంచి ఏడాదికి మూడున్నర క్వింటాళ్ల తొక్కలు, అన్నం, టీ పొడి, పూజ పూలు బయటికి వెళ్తున్నాయి.

అదంతా ప్లాస్టిక్‌తో కలిసి గుట్టగా పడితే లోపల గాలి ఆడదు. గాలి లేకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. డంపింగ్ యార్డులు వాటంతటవే అంటుకోవడానికీ ఈ గ్యాసే చాలాసార్లు కారణం. వానాకాలంలో ఆ గుట్టలోంచి కారే నల్లటి నీళ్లు ఎటు పోతాయో, మన నగరం చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల వాళ్లని అడగండి. అక్కడి మల్కారం చెరువు ఆ నీళ్లతోనే పాడైంది. పాత గుట్టని పైనుంచి కప్పి మూశారు గానీ, అప్పటికే నేలలోకి దిగిన విషాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. ఇళ్ల నుంచి ప్లాస్టిక్ ఒక్కటే వెళ్లి ఉంటే అక్కడ గుట్ట ఉండేది, ఆ కంపు ఉండేది కాదు, ఆ నల్ల నీళ్లూ ఉండేవి కావు.

మీవారు రేపు ఇంకో మాట కూడా అనొచ్చు: "ఇప్పుడు చెత్తని కాల్చి కరెంటు తీస్తున్నారుగా, ఇక వేరు చేయడమెందుకు?" జవహర్‌నగర్‌లో ఆ ప్లాంటు ఉన్నమాట నిజమే. కానీ పచ్చి కట్టెల పొయ్యి ఊదిన వాళ్లని అడిగితే చెబుతారు. తడి ఉన్నదేదీ సరిగ్గా మండదు. ముందు ఆ నీరంతా ఆవిరైపోవాలి, మంట వేడిలో కొంత దానికే పోతుంది. కాల్చాలన్నా వేరు చేసిన చెత్తే కావాలి.

అదే తడి చెత్త కలవకుండా వస్తే ఎలా ఉంటుందో మన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూడండి. అక్కడ రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల దాకా వంట గ్యాసు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా చెప్పారు. అక్కడ అది ఎందుకు సాధ్యమైందంటే, మార్కెట్ చెత్తలో వంకాయలు, టమాటాలే ఉంటాయి, డైపర్లు ఉండవు. 2000ల మొదట్లో సూర్యాపేట చెత్త కుండీల్లేని ఊరుగా పేరు తెచ్చుకున్నదీ ఇంటింటి దగ్గరే తడి పొడి వేరుగా తీసుకోబట్టే. పెద్ద యంత్రాలు లేని చిన్న పట్టణంలో అది జరిగింది.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి మార్పు చాలా చిన్నది. తడి చెత్తను ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇవ్వకండి. డబ్బా అడుగున పాత పేపరు వేసి, విడిగా గుమ్మరించండి. కవర్లో ముడి వేశారంటే లోపలిది ఎరువు కాదు, కవరు రీసైకిల్ కాదు. రోడ్డు పక్కన పడితే ఆవు ఆ వాసనకి కవరుతో సహా మింగుతుంది. పశువుల డాక్టర్లు ఆపరేషన్ చేసి ఆవుల కడుపులోంచి కిలోల కొద్దీ కవర్లు తీస్తున్నారన్న వార్తలు మీరు చదివే ఉంటారు.

బాల్కనీలో కాస్త చోటుంటే రెండో మార్పు కూడా చేయండి. ఇరవై లీటర్ల పాత పెయింటు బకెట్లు రెండు తెచ్చి, పక్కలా అడుగునా చిల్లులు పెట్టించండి. అడుగున ఎండుటాకులు ఒక బెత్తెడు. రోజూ తొక్కలు వేసినప్పుడల్లా పైన రెండు గుప్పిళ్లు ఎండుటాకులు గానీ కొబ్బరి పొట్టు గానీ. మొదట్లో ఒక గ్లాసు పుల్లమజ్జిగ చిలకరిస్తే త్వరగా పని మొదలవుతుంది. మూడు నాలుగు రోజులకోసారి కలియబెట్టండి. ఒకటి నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. అది నిండేసరికి మొదటిది నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో తయారై ఉంటుంది. రెండు నెలలు పడుతుంది.

వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు ఇంకా వేయండి. తెల్ల పురుగులు కనిపిస్తే భయపడకండి, అవి మీ పని చేసిపెడుతున్నాయి. నూనె తేలే కూరలు, ఎముకలు మొదట్లో వేయకండి. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు ఆ బకెట్లో ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, వాటిని ఆటోకి ఇవ్వండి. మా ఇంట్లో ఎండాకాలం అంతా టెంకల డబ్బా వేరే ఉంటుంది.

ఇక పాల ప్యాకెట్లు. ఈ విషయంలో మీ అత్తయ్యగారి మాటే సరి. ఒక్కో ప్యాకెట్టుకీ సబ్బూ, చెంబుడు నీళ్లూ పోస్తే లాభం ఏముంది? పాలు గిన్నెలో పోశాక, అదే ప్యాకెట్‌లో రెండు స్పూన్ల నీళ్లు పోసి తొలిచి, ఆ నీళ్లూ పాలలోనే పోసేయండి. మన అమ్మలు పాలు వృథా కాకూడదని చేసిన పనే ఇది. అత్తయ్యగారూ ఎన్నోసార్లు చేసి ఉంటారు. తరవాత ఆ తడి ప్యాకెట్టుని సింకు పైన టైలుకి అతికించండి. అతుక్కుంటుంది. ఆరాక దానంతటదే రాలిపడుతుంది, అప్పుడు తీసి సంచిలో వేయడమే. ఇంకొకటి: కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంచకండి, వేలాడేలా వదిలేయండి. గోరంత ముక్కని ఎవరూ ఏరలేరు. అది మురుగు కాలవలోకే పోతుంది.

పాల ప్యాకెట్ మంచి ప్లాస్టిక్, దానికి కొనేవాళ్లున్నారు. నీళ్ల సీసాలు, షాంపూ డబ్బాలు, పేపర్లు, ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు, ఇనుము, ఇత్తడి, సిల్వర్ (అంటే అల్యూమినియం) గిన్నెలు కూడా అంతే. ఇవి ఒక్కటి కూడా వదలకండి, ముఖ్యంగా సిల్వర్ సామాను. ముడి ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికయ్యే శక్తిలో సుమారు 95 శాతం, పాతదాన్ని కరిగిస్తే మిగులుతుంది. ఆ ఖనిజం పేరు బాక్సైట్. విశాఖ మన్యంలో దాని తవ్వకాలు వద్దని గిరిజనులు ఎన్నేళ్లు పోరాడారో మనకు తెలుసు. అటక మీద సొట్టలు పడిన గిన్నె ఉంటే తీసి కాంటా వేయించండి.

చిప్స్ కవర్ల విషయంలో మాత్రం మీకు బాధ కలిగించే మాటే చెప్పాలి. ఆ మూడు సంచులూ ఏ కొట్టువాడూ తీసుకోడు. లోపల వెండిలా మెరిసేది అల్యూమినియం పూత, దానికి పైనా కిందా వేరువేరు ప్లాస్టిక్ పొరలు. వాటిని విడదీసి లాభం తీయగలిగిన వ్యాపారం లేదు. మహా అయితే సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో బొగ్గుకి తోడుగా మండుతాయి. వాటిని కడగడం ఈరోజే మానేయండి. దులిపి, పొడి చెత్తలో వేసేయండి, మనసులో ఏమీ పెట్టుకోకండి. థర్మాకోలు, టీ తాగే పేపర్ కప్పులు (లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది), నూనె అంటిన పిజ్జా డబ్బాలు, షాపుల్లో ఇచ్చే నున్నటి బిల్లులు, లామినేషన్ చేసిన శుభలేఖలు, ఇవన్నీ ఆ కోవలోవే.

ప్లాస్టిక్ గురించి మీకు నిజం తెలియాలి. 2015 దాకా ప్రపంచంలో పోగుపడిన ప్లాస్టిక్ చెత్త మొత్తంలో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమేనని 2017లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఇనుమునైతే ఎన్నిసార్లు కరిగించినా ఇనుముగానే ఉంటుంది. కాగితం అయిదారుసార్లు తిరిగొస్తుంది, ఆ తరవాత పీచు చిన్నదైపోతుంది. ప్లాస్టిక్ ప్రతిసారీ నాణ్యత తగ్గుతుంది. నీళ్ల సీసా చాలావరకు పాలిస్టర్ దారమో, దిండ్లలో కూరే దూదో అవుతుంది, అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి ఇంట్లోకి వచ్చిన చిప్స్ కవరు మీద పెట్టే అరగంట, అది ఇంటికి రాకుండా చూడటం మీద పెడితే మేలు. కూరగాయలకి గుడ్డ సంచి తీసుకెళ్లండి. పుట్టినరోజులకి పేపర్ ప్లేట్ల బదులు స్టీలు ప్లేట్లు వాడండి. సిద్దిపేటలో స్టీల్ బ్యాంక్ పెట్టి ఫంక్షన్లకి పళ్లాలు, గ్లాసులు అరువిచ్చే పద్ధతి తెచ్చారు. 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో అలాంటి సెట్టు ఒకటి కొని వాచ్‌మన్ గదిలో పెట్టుకోవడం కష్టమేమీ కాదు.

మూడో డబ్బా గురించి మీరు రాయలేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇంట్లోనే మూడు భాగాలు చేయమన్నాయి: తడి, పొడి, ఇళ్లలోని హానికర చెత్త. మన నగరంలో 2015లో ఇంటింటికీ పచ్చ డబ్బా, నీలం డబ్బా ఇవ్వడంతో రెండే గుర్తుండిపోయాయి. బ్లేళ్లు, పగిలిన గాజు, ఇంజెక్షన్ సూదులు, ట్యూబులైట్లు, బ్యాటరీలు, కాలం చెల్లిన మందులు మూడోదాంట్లోకి వస్తాయి. గాజుని మందపాటి అట్టలో చుట్టి పైన "గాజు" అని రాయండి, ఆటో వాళ్లకి చదవడం రాకపోతే చేత్తో ఇస్తూ చెప్పండి. బ్లేళ్లు పాత ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. ప్యాడ్లు, డైపర్లు న్యూస్‌పేపర్లో చుట్టి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. వీటికి రోజుకి రెండు నిమిషాలు కూడా పట్టవు. మీరు ఇంకేమీ చేయలేని రోజుల్లో కూడా, జ్వరం వచ్చినా, ఇంట్లో చుట్టాలున్నా, ఈ ఒక్కటి మాత్రం మానకండి. ఆ బొటనవేలి గుడ్డ నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మీవారి మాటకొస్తే, నలుగురితో పాటు అన్నారు కదా, ఆ నలుగురినీ కలుపుకుంటేనే మీ ఒక్కరి మీద భారం తగ్గుతుంది. అసోసియేషన్ మీటింగ్‌లో పర్యావరణం మీద ఉపన్యాసం ఇవ్వకండి, ఎవరూ వినరు. మా దగ్గర పనిచేసింది డబ్బు లెక్క. అట్టలు, పేపర్లు, సీసాలు ఒక డ్రమ్ములో పోగేసి, నెలకోసారి కొట్టుకి వేసి, వచ్చినది వాచ్‌మన్ కుటుంబానికి ఇస్తామని చెప్పాం. మర్నాటి నుంచి వాళ్లావిడే ఇంటింటికీ తిరిగి "అమ్మా, అట్టలు తడవనీయకండి" అని చెప్పింది. మేం చెప్తే రెండేళ్లలో జరగనిది, ఆవిడ చెప్తే రెండు నెలల్లో జరిగింది. అందరూ చేశారని కాదు. మూడో వంతు ఇళ్లు ఇప్పటికీ కలిపే ఇస్తాయి. మిగతావాళ్ల అట్టలు మాత్రం పొడిగా ఉంటున్నాయి. మీ ఆటో దంపతులు ఆ సరుకు మీద ఆధారపడి ఉంటే, డ్రమ్ము మొదలుపెట్టే ముందు వాళ్లతోనూ ఒక మాట మాట్లాడండి. వాళ్ల చేతి కూడు తీసి ఇంకొకరికి పెట్టినట్టు కాకూడదు.

పాప అడిగిన ప్రశ్నకి మీరు మాటల్లో జవాబు చెప్పాల్సిన పనిలేదు. వచ్చే ఆదివారం ఆటో వచ్చే వేళకి తనని వెంటబెట్టుకుని కిందకి దిగండి. పొడి సంచి తన చేత్తోనే ఇప్పించండి. ఆ చుట్టూ వేలాడే గోనెల్లో ఏమేం ఉన్నాయో ఆటో ఆవిడనే అడగమనండి. తొమ్మిదేళ్ల పిల్ల అడిగితే ఆవిడ సంతోషంగా చూపిస్తుంది. వెళ్లేటప్పుడు ఒక మంచినీళ్ల సీసా కూడా తీసుకెళ్లండి. ఏడింటికే ఎండ మొదలవుతోంది, వాళ్లకి ఇంకా చాలా వీధులు మిగిలి ఉంటాయి.